పేక చిటికి స్టోల్: ఆసు నుంచి అంచు దాకా ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ రెండో వారం: లెక్క

తయారు కావాల్సినవి రెండు నూలు స్టోల్స్. ఉతికాక ఒక్కోటి 22 అంగుళాల వెడల్పు, 2 మీటర్ల పొడవు ఉండాలి. రెండు కొనల్లో పేక చిటికి, మధ్యలో సాదా ఎరుపు. పేక చిటికి అంటే ఇక్కత్‌లో ఒక రకం: పేకని, అంటే అడ్డదారాన్ని, అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచితే కట్టిన చోటు తెల్లగా మిగులుతుంది, ఆ దారంతో నేస్తారు. డిజైన్ అతి మామూలుది: ఎర్రటి నేల మీద తెల్లటి గీతతో గీసిన డైమండ్లు, వెడల్పులో ఆరు, ఒక్కో కొనలో నాలుగు వరుసలు. మొదటి ప్రాజెక్టుకి డైమండే ఎందుకంటే అది తప్పుని దాచదు. పువ్వయితే అరంగుళం జరిగినా పువ్వులాగే ఉంటుంది. డైమండ్ గీత రెండు పోగులు జరిగినా కళ్లకి తెలిసిపోతుంది.

నూలు 2/40, అంటే 40 కౌంటు (నూలు సన్నదనానికి కొలత) పోగులు రెండు కలిపి పేనింది. లెక్కలో 20 కౌంటుతో సమానం, గ్రాముకి సుమారు 33.9 మీటర్లు వస్తుంది. అంగుళానికి ఎన్ని పోగులు వేయాలో ఊహించనక్కర్లేదు. కౌంటు వర్గమూలాన్ని 28తో గుణిస్తే పోగులు ఒకదానికొకటి ఆనుకుని అంగుళంలో ఎన్ని పడతాయో వస్తుంది. 20కి అది 125. సాదా నేతలో పడుగు (నిలువు దారం) పోగుల మధ్యలోంచి పేక దూరాలి కాబట్టి అందులో సగం, 62. అది గుడ్డ బిగిసే హద్దు. మెడ మీద వాలాల్సిన స్టోల్‌కి ఆ హద్దులో మూడింట రెండొంతులు చాలు. అందుకే 40.

పన్నె (పడుగు పోగులు దూరే దువ్వెన లాంటి చట్రం) 40వ నంబరు. రెండంగుళాలకి 40 సందులు, సందుకి రెండు పోగులు. పన్నెలో వెడల్పు 24 అంగుళాలు, అంటే 480 సందులు, 960 పోగులు. రెండు అంచుల్లో ఆరేసి సందుల్లో రెండుకి బదులు నాలుగు పోగులు వేస్తే 24 కలుస్తాయి. మొత్తం 984.

పడుగు పొడవు: మగ్గం మీద ఒక్కో స్టోల్ 2.2 మీటర్లు నేయాలి. మగ్గం దిగి నీళ్లలో పడ్డాక ఇందులో పదో వంతు పోతుంది. రెండిటికి 4.4, కుచ్చులకి 0.6, మొదట్లో నమూనాకి 0.5, మగ్గానికి కట్టడానికీ చివర మిగిలిపోవడానికీ 1 మీటరు. మొత్తం 6.5. ఏడు మీటర్లు పోయాలి. 984 పోగులు ఏడేసి మీటర్లంటే 6,888 మీటర్లు, 203 గ్రాములు. పేకకి అంగుళానికి 40 పోట్లు (పేక ఒకసారి ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్తే ఒక పోటు) వేస్తే 142 గ్రాములు. ఒక్కో చిలప (వదులుగా చుట్టిన నూలు చుట్ట) 840 గజాలు, 22.7 గ్రాములు. 18 చిలపలు తెస్తే 408 గ్రాములు. కాగితం మీద ఇది చాలా ఎక్కువనిపిస్తుంది. ఎక్కువ కాదని వచ్చే వారమే తేలింది.

జూన్ మూడో వారం: ఉడకబెట్టడం

ముడి నూలు మీద మైనం ఉంటుంది. నీటి చుక్క వేస్తే ముత్యంలా పైనే నిలబడుతుంది. సోడా యాష్, సబ్బు వేసిన నీళ్లలో రెండు గంటలు మరగాలి. చిలపకి నాలుగు చోట్ల వదులుగా, 8 ఆకారంలో కట్లు వేయాలి. బిగించి కడితే ఆ కట్టు కిందకి రంగు ఎక్కదు, కోరకుండానే అక్కడ చిటికి తయారవుతుంది.

మరిగాక పరీక్ష: చిన్న ముక్క కత్తిరించి నీళ్ల మీద వదిలితే అయిదు సెకన్లలో మునగాలి. మొదటిసారి పాత్రలో చిలపలు కుక్కి పెట్టడంతో మధ్యలో ఉన్న మూడు చిలపలు అరనిమిషం తేలాయి. వాటిని మళ్లీ మరిగించాల్సి వచ్చింది. ఆరాక తూకం 385 గ్రాములు. మైనం, మురికి కలిసి 23 గ్రాములు పోయాయి. తూకం లెక్క ఎప్పుడూ ఉడకబెట్టిన నూలు మీదే వేయాలి. రంగు శాతం కూడా దాని మీదే.

జూన్ నాలుగో వారం: పడుగు ఏ రంగు?

పేక చిటికిలో మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. సాదా నేతలో గుడ్డ మీద కనపడేది సగం పడుగు, సగం పేక. పేక మీద కట్టిన తెలుపు ఎర్ర పడుగులో కలిస్తే గులాబీ ఛాయ వస్తుంది. పడుగు తెల్లగా ఉంచితే నేల ఎరుపు పాలిపోతుంది. చిన్న టేబుల్ మగ్గం మీద పాత నూలుతో 6 అంగుళాల వెడల్పు ముక్క నేసి చూశాం. సగం పడుగు తెలుపు, సగం ఎరుపు, పేక రెండింటికీ ఒకటే. తెల్ల పడుగు వైపు మొత్తం ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉంది. ఎర్ర పడుగు వైపు తెలుపు కొంచెం మెత్తబడినా డైమండ్ గీత తెగినట్టు స్పష్టంగా ఉంది. పడుగు ఎరుపే.

తెలుపు ఇంకా మెరవాలంటే పడుగు సన్నం చేసి పేక పోట్లు పెంచాలి. ఈసారికి వద్దు. పోట్లు మారితే డిజైన్ ఎత్తు మారుతుంది, గ్రాఫు మళ్లీ గీయాలి.

జూలై మొదటి రెండు వారాలు: ఆసు, చిటికి, రెండు తప్పులు

గ్రాఫు లెక్క ముందు. డైమండ్ ఎత్తు 4 అంగుళాలు, అంటే 160 పోట్లు. నాలుగు పోట్లు కలిపి ఒక గీత అనుకుంటే 40 గీతలు. డైమండ్ పైసగం, కిందిసగం ఒకటే కాబట్టి ఆసు (కట్లు వేయడానికి పేక దారం పోసే మేకుల చట్రం) మీద 20 మేకులు చాలు. దారం 1 నుంచి 20కి ఎక్కి, 20 నుంచి 1కి దిగుతుంది. ఒక వరుస డైమండ్లకి ఒక్కో గీత మీద 8 పోగులు పేరుకుంటాయి. ఒక్కో గీతకి కట్టు స్థానం 0.1 అంగుళం పక్కకి జరగాలి.

ఆసు మీద ఒకవైపు ఒకే మేకు, రెండో వైపు విల్లులా వంగిన చట్రం మీద వరుసగా మేకులు. దారం ఇటు నుంచి అటు వెళ్లిన ప్రతిసారీ మగ్గం మీద ఒక పోటు. మేకు చుట్టూ తిరిగిన చోటే గుడ్డలో అంచు అవుతుంది. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే పేక చిటికి సగం వచ్చేసినట్టే. చీరకి ఈ పనే చేత్తో చేస్తే చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరుకి చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే ఆ భుజం నొప్పి చూసే యంత్రం పట్టాలెక్కించారు. 1999లో పని చేసిన ఆ లక్ష్మీ ఆసు యంత్రానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. రెండు స్టోల్స్‌కి మాత్రం చేతి ఆసు చాలు. దారం ఎక్కడ బిగుస్తోందో వేలికి తెలుస్తుంది.

మొదటి తప్పు, కట్ట మందం. నాలుగు వరుసలు ఒకేసారి పోస్తే కట్టడం ఒకేసారి అయిపోతుందని గీతకి 32 పోగులు పేర్చాం. రంగు వేసి విప్పాక చూస్తే పై పోగుల్లో కట్టు కిందకి రంగు పాకింది. లోపలి పోగుల్లో కట్టు పక్కన రెండు మూడు మిల్లీమీటర్లు రంగే ఎక్కలేదు. గీత అంచు నమిలినట్టు వచ్చింది. కారణం బిగుతులో ఉంది. పోగుల కట్ట లావైతే కట్టు వేసే రబ్బరు పైన బిగిస్తుంది కానీ మధ్య పోగుల దాకా ఆ బిగువు ఒకేలా అందదు. కట్టు పక్కన మాత్రం కట్ట నొక్కుకుపోయి రంగు నీళ్లు లోపలికి దూరవు. 16 పోగులకి తగ్గించాం, అంటే ఒకసారికి రెండే వరుసలు. మొత్తం 16 వరుసలకి ఎనిమిది సెట్లు. పన్నెండు గ్రాముల నూలు పోయింది, పోనీ.

రెండో తప్పు పొడవు. ఒక పోటుకి కావాల్సిన దారం పన్నె వెడల్పు 24, పైన వంపులకి అరంగుళం. మేకుల దూరం సరిగ్గా 24.5 పెట్టాం. రంగు, ఉతుకు అయ్యాక కొలిస్తే 24.1 ఉంది. ఆసు మీద బిగువుగా సాగిన దారం విప్పగానే వెనక్కి లాక్కుంటుంది, నీళ్లలో ఇంకొంచెం కుంచించుకుపోతుంది. 0.4 అంగుళం చిన్న మాట కాదు. నేసేటప్పుడు డైమండ్ ఒక చోట కూర్చోవాలంటే అంచు లోపలికి లాగాలి. అంచు నిలబెడితే డైమండ్ పోటుపోటుకీ పక్కకి నడుస్తుంది. దారం కాస్త ఎక్కువుంటే అంచు దగ్గర చిన్న ఉంగరంలా వదిలేయొచ్చు. తక్కువైతే మందు లేదు. మేకుల దూరం 25 అంగుళాలకి మార్చాం. తర్వాత సెట్లు ఉతికాక 24.6 దగ్గర నిలబడ్డాయి.

కట్లకి సైకిల్ ట్యూబు చీలికలు. పాత ట్యూబుని అడ్డంగా కాకుండా పొడవునా, మూడు మిల్లీమీటర్ల వెడల్పుతో కోయాలి. డైమండ్ తెల్ల గీత వెడల్పు 3/8 అంగుళం. ట్యూబు చివరని కట్ట కింద పెట్టి, దాని మీదుగానే మొదటి రెండు చుట్లు సాగదీసి వేసి, ఆరేడు చుట్లు ఆనుకుని తిప్పి, చివరి చుట్టు కిందకి కొస దూర్చి లాగాలి. ముడి వేయకూడదు. ముడి వేస్తే విప్పేటప్పుడు బ్లేడు పట్టాలి, బ్లేడు పడితే పోగు తెగుతుంది. చుట్ల మధ్య వెంట్రుకంత సందున్నా ఆ సందులో ఎర్ర గీత వస్తుంది.

ఒక్కో సెట్‌కి 229 కట్లు. మొన దగ్గర రెండు గీతలు ఒకటవుతాయి కాబట్టి 240 కాదు. ఎనిమిది సెట్లకి 1,832. ఒక్కోటి 25 సెకన్లు పట్టింది, దాదాపు 13 గంటలు. రోజుకి మూడు గంటల కన్నా ఎక్కువ కట్టకపోవడం మంచిది. నాలుగో గంటలో వేళ్లు అలసి కట్లు వదులవుతాయి. వదులైన కట్టు కట్టేటప్పుడు కనపడదు, విప్పాకే కనపడుతుంది.

జూలై మూడో వారం: రంగు

రియాక్టివ్ రంగుల్లో చల్లనీళ్లలో పట్టే రకం తీసుకున్నాం. వేడి నీళ్లలో రబ్బరు వదులవుతుంది, అందుకే. పడుగుకీ సాదా పేకకీ కలిపి 320 గ్రాముల నూలు. గ్రాముకి 20 మిల్లీలీటర్ల చొప్పున 6.4 లీటర్ల నీళ్లు, రంగు 4 శాతం అంటే 12.8 గ్రాములు, ఉప్పు లీటరుకి 50 గ్రాముల చొప్పున 320, సోడా యాష్ లీటరుకి 20 చొప్పున 128. చిటికి సెట్లు ఎనిమిదీ కలిపి 48 గ్రాములు. వాటికి ఒక లీటరు నీళ్లు, 2 గ్రాముల రంగు, 50 గ్రాముల ఉప్పు, 20 గ్రాముల సోడా.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే రంగు మసకబారుతుంది. లీటరుకి ఒక గ్రాము హెక్సామెటాఫాస్ఫేట్ వేస్తే తేటగా పడుతుంది. ఉప్పు రెండు దఫాలుగా వేసి అరగంట తిప్పాలి. సోడా వేశాక 50 నిమిషాలు. సోడా పడిన క్షణం నుంచి రంగు నూలునీ పట్టుకుంటుంది, నీళ్లతోనూ కలిసి చెడిపోతుంది. అందుకే సోడాని విడిగా కరిగించి, నూలు పక్కకి తీసి పోయాలి. పొడిని నేరుగా నూలు మీద చల్లితే అక్కడ మచ్చే.

కట్టిన సెట్లని పొడిగా రంగులో ముంచకూడదు. అరగంట మామూలు నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి వేయాలి. పొడి కట్ట రంగు నీళ్లని కట్టు కిందకి దీపపు వత్తిలా పీల్చుకుంటుంది.

విప్పే ముందు చల్లనీళ్లతో ఆరుసార్లు కడగాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. చెడిపోయిన రంగు నీళ్లలో ఉప్పు ఉన్నంతసేపు తెలుపుని అంటుకుంటుంది, ఉప్పు పోయాక అంటుకోవాలన్నా బలం ఉండదు. ముందు ఉప్పు పోవాలి, తర్వాత కట్లు విప్పాలి, తర్వాతే సబ్బుతో మరిగించాలి. మరిగించేటప్పుడు నీళ్లు ధారాళంగా, గ్రాముకి 50 మిల్లీలీటర్లు. ఏడో సెట్ నాలుగు కడుగులకే విప్పేశాం. దాని తెలుపు ఇప్పటికీ కొంచెం కెంపుగా ఉంది. రెండో స్టోల్ చివరి వరుసల్లో వాడాం.

ఇంకో సంగతి: వేర్వేరు తొట్లలో ముంచిన ఎరుపు ఎప్పుడూ వేర్వేరే. సాదా ఎరుపు కన్నా చిటికి ఎరుపు అర ఛాయ ముదురు వచ్చింది. రెండూ ఆనుకుంటే కనపడుతుంది. మధ్యలో ఆరు పోట్లు తెల్ల పేక వేస్తే కన్ను ఆ గీత దగ్గర ఆగిపోయి తేడా పట్టుకోదు. చీరల్లో చాలా సన్నగీతలు ఇలా పుట్టినవేనని అనుమానం.

జూలై చివర: కండెలు, మగ్గం

ఒక వరుస డైమండ్లకి 3 గ్రాములు, సుమారు 100 మీటర్లు. ఒక వరుస, ఒక కండె (నాడెలో పెట్టే పేక దారపు చుట్ట) అని పెట్టుకున్నాం. 16 కండెలకీ మార్కర్‌తో నంబరు, బాణం గుర్తు. కండె మీద చివర చుట్టింది ముందు వస్తుంది కాబట్టి డిజైన్ తలకిందులవుతుంది. డైమండ్ కాబట్టి బతికిపోయాం, నెమలో ఏనుగో అయితే చుట్టే ముందు దారం వరుస తిరగేయాలి. అయితే ఏ వైపు నుంచి మొదలైందన్నది డైమండ్‌కి కూడా ముఖ్యమే. కుడి అంచున మొదలవ్వాల్సిన కొస ఎడమ నుంచి వేస్తే కట్టు కొలతలో వచ్చిన చిన్న హెచ్చుతగ్గులన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడి, పక్క వరుసతో కలవవు.

2/40 నూలుకి గంజి తప్పనిసరి కాదు, రెండు పోగుల పేటే బలం. అయినా పలచటి బియ్యపు గంజిలో రెండు చుక్కల నూనె కలిపి పడుగు చాపి బ్రష్‌తో పట్టించాం. నూగు అణిగి నాడె (పేకని ఇటు నుంచి అటు మోసేది) తేలిగ్గా జారుతుంది. నాలుగు హీల్డుల్లో (పడుగు పోగుల్ని ఎత్తి దించే చట్రాల్లో) 1, 3, 2, 4 వరుసలో పోగులు ఎక్కించాం. సాదా నేతకి రెండు చాలు కదా అంటే చాలు. కానీ 984 పోగులు రెండిటిలో కిక్కిరిస్తే ఒకదానికొకటి రాసుకుని తెగుతాయి.

నమూనా అర మీటరు నేయగానే మూడు లోపాలు బయటపడ్డాయి. ఎడమ నుంచి 7 అంగుళాల దగ్గర నిలువు సందు: ఒక సందులో ఒకే పోగు పడి పక్కదానిలో మూడు పడ్డాయి. 15 అంగుళాల దగ్గర రెండు పోగులు హీల్డు వెనక ఒకదాన్నొకటి దాటాయి, అక్కడ దారి సరిగా తెరుచుకోక నాడె కింద నుంచి దూరి పేక తేలింది. మూడోది మగ్గానిది కాదు, చేతిది: ఆగి మళ్లీ మొదలుపెట్టిన ప్రతి చోటా అడ్డంగా దట్టమైన గీత. పడుగు వదులు చేసి వదలాలి, మొదలుపెట్టేటప్పుడు గుడ్డ అంచు పన్నెకి ఆగినప్పటి దూరంలోనే ఉందో లేదో చూసుకుని బిగించాలి.

సాదా 54 అంగుళాలకి గంటన్నర. చిటికి ఉన్న 32 అంగుళాలకి అయిదున్నర గంటలు. చిటికిలో పోటు వేశాక, దెబ్బ వేయకముందే, అంటే పేకని పన్నెతో నొక్కకముందే ఆగాలి. పేక వదులుగా వాలు గీతలా పడి ఉంటుంది. ఎడమ అంచు వేళ్లతో పట్టి, మొదటి డైమండ్ గీత కింది పోటు గీత మీదకి వచ్చేలా లాగి, కుడి అంచులో మిగిలింది సర్ది, అప్పుడు దెబ్బ. రెండు చివరి డైమండ్లు కలిశాయా అని మాత్రమే చూడాలి. మధ్య నాలుగూ వాటంతటవే కూర్చుంటాయి. కూర్చోలేదంటే కట్టు దగ్గరే తప్పు, లాగి సరిచేయడం కుదరదు.

మొదటి స్టోల్‌లో ఒక కొన డైమండ్లు 4 అంగుళాలు, రెండో కొన 3.6. ఒక్క పోటూ తగ్గలేదు, అక్కడా 160 పోట్లే. అంగుళానికి పోట్లు 40 నుంచి 44కి ఎక్కాయి, అంతే. సాదా భాగం వేగంగా నేసి వచ్చిన చెయ్యి అదే జోరులో దెబ్బ వేసింది. రెండో స్టోల్‌కి అట్ట ముక్క మీద అంగుళానికి ఒక గీత గీసి, ప్రతి 40 పోట్లకీ గుడ్డ పక్కన పెట్టి చూశాం.

దించి గోరువెచ్చని నీళ్లలో ఉతికాక 22 అంగుళాలు, 198 సెంటీమీటర్లు. డైమండ్ 3.6 ఎత్తు, 3.7 వెడల్పు. కుచ్చులు 8 పోగులకొకటి, కొనకి 123.

ఆగస్టు, సెప్టెంబరు: ప్లేస్‌మెంట్

భూదాన్ పోచంపల్లి దగ్గర ఒక మాస్టర్ వీవర్ షెడ్డు, ఆరు వారాలు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ నేర్చుకున్నవి క్లుప్తంగా.

అచ్చు అతకడం: పాత పడుగు కొస మగ్గంలోనే వదిలి, కొత్త పడుగులో ఒక్కో పోగునీ దాని జోడు పాత పోగుతో పేనుతారు. వేళ్లకి బూడిద అద్దుకుంటే పట్టు జారదు. పోగులన్నీ పన్నెలోకి, హీల్డుల్లోకి మళ్లీ ఎక్కించే పని తప్పుతుంది. మొదటి రోజు గంటకి 90 పోగులు, మూడో వారానికి 400. అతుకు సన్నగా, రెండు అంగుళాలు పొడవుగా ఉండాలి. పొట్టి అతుకు పన్నెలో ఇరుక్కుంటుంది.

డబుల్ ఇక్కత్: పడుగూ పేకా రెండూ కట్టి రంగేసినవి. పడుగు డిజైన్ గుడ్డలో ముందే నిలబడి ఉంటుంది, పేక దాని మీదకి వచ్చి కూర్చోవాలి. పేక జరిగితే లాగొచ్చు. పడుగు జరిగితే అయిదారు అంగుళాలకొకసారి ఆగి, జరిగిన పోగుల కట్టని వెనక నుంచి వేరుచేసి బిగించాలి. అందుకే అక్కడ నేసేవారు గుడ్డ కన్నా ఎక్కువగా పన్నె వెనకే చూస్తుంటారు.

ఒక ఆదివారం పుట్టపాక. అక్కడి తేలియా రుమాలుకి 2020లో గుర్తింపు వచ్చింది. ఎరుపు, నలుపు, తెలుపు మాత్రమే. రంగుకి ముందు నూలుని నువ్వుల నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో పిసికి ఆరబెడతారు, మళ్లీ పిసికి ఆరబెడతారు, రెండు మూడు వారాలు. బూడిదలోని క్షారం నూనెని నీళ్లలో కలిసేలా చేస్తుంది, అది పోగులోకి దిగుతుంది. తర్వాత పటిక, అలిజరిన్ ఎరుపు దాన్ని పట్టుకుని నిలుస్తాయి. కొత్త రుమాలు చేతిలోకి తీసుకుంటే జిడ్డు తగలదు కానీ వాసన ఉంటుంది. అరబ్ దేశాలకి తలగుడ్డలుగా వెళ్లినవి ఇవే.

షెడ్డు లాగ్‌బుక్కులో ఒక కాలమ్ ఖాళీగా ఉండేది. నేసిన గజాలకి కూలీ రాసేవారు. కండెలు చుట్టినవాళ్లు, ఆసు పోసినవాళ్లు, చిటికి కట్టినవాళ్లు, ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు, ఆ లెక్కలో లేరు. 2019-20 చేనేత గణనలో దేశంలో 35 లక్షలకి పైగా చేనేత కార్మికులు తేలారు, వాళ్లలో 70 శాతానికి పైగా మహిళలే. పైన చెప్పిన మన స్టోల్‌లోనే చూడండి: రెండిటికి నేత 14 గంటలు, కట్లే 13 గంటలు. ఆసు, రంగు, కండెలు కలిపితే మగ్గం ఎక్కకముందు పనే ఎక్కువ. ధర కట్టేవాళ్లు ముందు ఆ కాలమ్ నింపాలి.

అక్టోబరు, నవంబరు: రెండు వర్క్‌షాపులు

మొదటిది గ్రంథాలయంలో, 20 మంది పిల్లలు, రెండున్నర గంటలు. అట్ట మగ్గాలు. రెండు అట్టలు గీతలు అడ్డం నిలువుగా వచ్చేలా అతికించినవి, 20 × 26 సెంటీమీటర్లు. పైనా కిందా అర సెంటీమీటరుకొకటి చొప్పున 31 గాట్లు, నేత వెడల్పు 15 సెంటీమీటర్లు. ఒకే అట్ట వాడితే పడుగు బిగువుకి విల్లులా వంగి, మధ్య పోగులు వదులైపోతాయి. ఒక మగ్గానికి పడుగు 8 మీటర్లు, 20 మందికి తెగేవీ పోయేవీ కలిపి 200 మీటర్లు.

పేకకి పాత నూలు చీర. 5.5 మీటర్ల చీరని నిలువుగా సెంటీమీటరున్నర వెడల్పుతో చింపితే 70 పైగా పీలికలు, దాదాపు 400 మీటర్లు. ఒక్కొక్కరికి ఆరున్నర మీటర్లు చాలు, మొత్తం 130. ఒక్క చీర మూడు బృందాలకి వస్తుంది. అడ్డంగా చింపితే నూగు రేగి ముక్కలు పొట్టిగా వస్తాయి, ముడులెక్కువ.

20లో 14 ముక్కలు నడుము సన్నబడి గాజు గడియారంలా వచ్చాయి. పిల్లలు పేకని నిటారుగా లాగడం వల్ల అంతే. వంపుల మీదుగా నడవాల్సిన పేకకి పొడవు ఎక్కువ కావాలి. ఇంద్రధనుస్సులా వంచి వేసి, దువ్వెనతో మధ్య నుంచి పక్కలకి నొక్కమని చెప్పాక చివరి అరగంటలో నేసిన భాగం వెడల్పు నిలబడింది. వచ్చేసారి ఆ మాట మొదటి అయిదు నిమిషాల్లో చెప్పాలి, రెండు పక్కలా ఐస్‌క్రీమ్ పుల్లలు కట్టాలి.

రెండోది పెద్దవాళ్లకి: నేసిన ఇక్కత్‌ని అచ్చువేసిన గుడ్డ నుంచి గుర్తుపట్టడం. గుడ్డ తిరగేయమన్నాం. ఇక్కత్‌లో రంగు పోగుకే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకటే. ప్రింట్‌లో వెనక పాలిపోతుంది. వెనక్కీ గాఢంగా ఇంకే ప్రింట్లున్నాయి, వాటికి ఇది చాలదు. అందుకని రెండో పరీక్ష: అంచు దగ్గర ఒక పేక పోగుని సూదితో లేపి రెండు అంగుళాలు లాగమన్నాం. పేక ఇక్కత్ అయితే ఆ ఒక్క పోగు మీదే రంగు మారే చోట్లు గుండ్రంగా, నాలుగు వైపులా నిండి ఉంటాయి. ప్రింట్ పోగు మీద పడుగు దాటిన చోటల్లా తెల్లటి చుక్కలుంటాయి. మా ఏడో సెట్ కెంపు తెలుపు ముక్క ఇక్కడ పనికొచ్చింది. చూసినవాళ్లలో ముగ్గురు దాన్నే ప్రింట్ అన్నారు, పోగు లాగాక ఒప్పుకున్నారు.

డిసెంబరుకి మిగిలినవి: 5 గ్రాముల తెల్ల నూలు, 25 అంగుళాల దగ్గర బిగించి ఉంచిన ఆసు, అర కిలో ట్యూబు చీలికలు. తర్వాతి గ్రాఫు పడుగు 2/80, అంగుళానికి పోట్లు 48. డైమండ్ 4 అంగుళాలే ఉండాలంటే 192 పోట్లు, ఆసు మీద 24 మేకులు. నాలుగు కొత్త మేకులు కొట్టాలి.